హన్మకొండలో మేరీ ట్యూడర్ పాఠాలు: ఒక వారాంతపు చరిత్ర తరగతిపై సమీక్ష

హన్మకొండలో కాకతీయ విశ్వవిద్యాలయానికి దగ్గరగా, పోటీ పరీక్షల శిక్షణ కేంద్రాలు వరుసగా ఉన్న ఒక వీధిలో, చిన్న అధ్యయన కేంద్రం ఒకటి ఐరోపా మతసంస్కరణ కాలం గురించి తెలుగులో వారాంతపు తరగతులు నడుపుతోంది. అందులో ఒక భాగాన్ని పూర్తిగా ఇంగ్లండు రాణి మొదటి మేరీకి, ఆమె ఏలుబడిలో ప్రొటెస్టెంట్లపై జరిగిన హింసకు, ఆ హింసను గత కొన్ని దశాబ్దాలుగా చరిత్రకారులు తిరిగి బేరీజు వేస్తున్న తీరుకు కేటాయించారు. ఆ ఒక్క భాగానికి విడిగా చేరే వీలుంది. రుసుము 1,800 రూపాయలు, మెటీరియల్ అందులోనే. నేను చేరింది ఆ భాగానికే. పెట్టిన డబ్బుకు తగిన చదువు దొరికిందని ముందే చెప్తాను. అయితే తరగతి చివరికి వెళ్లి ఆగిన తీర్పుతో నాకు పేచీ ఉంది. అదేమిటో వివరంగా రాస్తే తప్ప, చేరాలా వద్దా అని ఆలోచిస్తున్న వారికి ఈ సమీక్ష పనికిరాదు.

విద్యార్థుల్లో ఎక్కువ మంది జూనియర్ లెక్చరర్, నెట్, సెట్ పరీక్షలకు చదువుకుంటున్న పిల్లలు. మిగిలిన వారిలో ఉద్యోగ విరమణ చేసిన టీచర్లు, కాజీపేట ఫాతిమానగర్ నుంచి వచ్చిన కథోలికులు, బాప్టిస్టు సంఘానికి చెందిన పెద్దలు ఉన్నారు. కథోలిక రాణి ప్రొటెస్టెంట్లను కాల్పించిన చరిత్రను ఈ రెండు సంఘాల వారూ పక్కపక్క కుర్చీల్లో కూర్చుని వినడం తేలికైన సంగతి కాదు. పాఠం చెప్పిన మేడం ఆ ఇబ్బందిని దాచకుండా మొదటి పూటే ప్రస్తావించి, ప్రశ్న అడిగే వారెవరైనా ఆధారం ఏదని అడగాలే తప్ప ఎవరి సంఘమని అడగకూడదని షరతు పెట్టారు. ఆ షరతు చివరిదాకా నిలిచింది. బాప్టిస్టు పెద్దాయన ఒకరు కాస్త గొంతు పెంచినప్పుడు కూడా "అన్నా, పేజీ నంబరు చెప్పండి" అని ఆమె నవ్వుతూ అడిగిన తీరు, ఈ తరగతిలో నాకు నచ్చిన వాటిలో ఒకటి.

ఓరుగల్లులో రాణి గురించి పాఠం మొదలైతే రుద్రమదేవి ప్రస్తావన రాక తప్పదు, వచ్చింది. 1262 నుంచి 1289 వరకు ఏలిన రుద్రమ శాసనాల్లో రుద్రదేవ మహారాజుగా కనిపించడాన్ని, 1554 ఏప్రిల్‌లో ఇంగ్లండు పార్లమెంటు రాజుకున్న అధికారాలన్నీ రాణికీ అంతే పూర్తిగా చెందుతాయని చట్టం చేయవలసి రావడాన్ని మేడం పక్కపక్కన పెట్టారు. స్త్రీ సింహాసనం ఎక్కితే దాన్ని సమర్థించుకోవడానికి రెండు రాజ్యాలు రెండు దారులు తొక్కాయన్నంత వరకు ఆ పోలిక బాగానే పనిచేసింది. అంతకు మించి దాన్ని లాగకపోవడం ఇంకా బాగుంది. మతం విషయంలో ఈ ఇద్దరి మధ్య పోలిక వెదకడం మొదలుపెడితే పాఠం దారి తప్పేది.

మేరీ తొలి జీవితాన్ని త్వరగానే ముగించారు. 1516లో పుట్టిన ఆమె, తండ్రి ఎనిమిదో హెన్రీ తన తల్లి కాథరిన్‌తో వివాహాన్ని 1533లో రద్దు చేయించుకోవడంతో అక్రమ సంతానంగా ముద్రపడింది. 1536లో ప్రాణభయంతో, తండ్రి ఇంగ్లండు చర్చికి అధిపతి అనీ, తల్లి వివాహం చెల్లదనీ ఒప్పుకుంటూ సంతకం చేయవలసి వచ్చింది. 1553 జులైలో తమ్ముడు ఆరో ఎడ్వర్డ్ చనిపోయాక, వారి బంధువు జేన్ గ్రేను గద్దెనెక్కించాలన్న ప్రయత్నాన్ని ఆమె సఫోక్‌లోని ఫ్రామ్లింగమ్ కోట నుంచి బలగం కూడగట్టి కొద్ది రోజుల్లోనే వమ్ము చేసింది. ఇందులో మేడం నొక్కి చెప్పిన సంగతి ఒకటి గుర్తుంచుకోదగ్గది. ఆ రోజుల్లో లండన్ జనం ఆమెకు జేజేలు పలికారు. అందరూ ద్వేషించే రాణిగా ఆమె పాలన మొదలుకాలేదు.

ఈ తరగతి అసలు బలం చట్టం గురించి చెప్పిన పూటలో ఉంది. మేరీ గద్దెనెక్కిన మర్నాడే చితులు వెలిగాయన్న ఊహ చాలామందిలో ఉంటుంది, పరీక్షలకు చదివే పిల్లల్లో మరీ ఎక్కువ. నిజానికి 1553 ఆగస్టు ప్రకటనలో ఆమె, అందరి సమ్మతితో వేరే నిర్ణయం జరిగేదాకా తన ప్రజలను మతం విషయంలో బలవంతపెట్టనని చెప్పింది. ఆ ఏడాది చివర పార్లమెంటు ఎడ్వర్డ్ కాలపు ప్రొటెస్టెంటు మత చట్టాలను రద్దు చేసింది. 1554 వసంతంలో మతద్రోహులను శిక్షించే పాత చట్టాలను తిరిగి తెద్దామని చూస్తే ప్రభువుల సభలో ఆ బిల్లు వీగిపోయింది. ఆ జులైలో స్పెయిన్ రాకుమారుడు ఫిలిప్‌తో వించెస్టర్‌లో వివాహం, నవంబరులో పోప్ ప్రతినిధిగా కార్డినల్ రెజినాల్డ్ పోల్ రాక, నెలాఖరున ఇంగ్లండు తిరిగి రోమును అంగీకరించడం వరుసగా జరిగాక, ఆ శీతాకాలపు సమావేశాల్లో పార్లమెంటు 1382, 1401, 1414 నాటి మూడు పాత చట్టాలకు ప్రాణం పోసింది. అవి 1555 జనవరి 20 నుంచి అమలులోకి వచ్చాయి. ఫిబ్రవరి 4న లండన్‌లోని స్మిత్‌ఫీల్డ్‌లో జాన్ రోజర్స్‌ను సజీవంగా దహనం చేశారు.

ఈ క్రమంలో ఒక బేరం ఉందని మేడం చూపించారు. హెన్రీ మఠాలను రద్దు చేసినప్పుడు వాటి భూములు కొనుక్కున్న పెద్దలు ఆ భూములు తమ చేతుల్లోనే ఉంటాయని హామీ తీసుకున్నాకే రోముతో రాజీకి తలూపారు. మతద్రోహ చట్టాలకు చేతులెత్తిన వారూ ఆ పెద్దలే. అంటే సామాన్యుడి ప్రాణానికి లేని రక్షణ పెద్దమనిషి పొలానికి దొరికింది. ఈ ఒక్క విషయం కోసమైనా ఈ తరగతికి రావచ్చు. రాణి ఒక్కతే చేసిన హింస అని చెప్పే చరిత్ర ఆమె చుట్టూ ఉన్న వారందరినీ ఎంత సులువుగా వదిలేస్తుందో ఇక్కడ అర్థమవుతుంది.

ఒక మనిషి చితిదాకా ఎలా చేరేవాడో కూడా మెట్టు మెట్టుగా వివరించారు. పూజకు రావడం లేదనో, పూజలో అప్పం ఎత్తినప్పుడు తల తిప్పుకున్నాడనో పొరుగువారు, ఊరి అధికారులు ఫిర్యాదు చేసేవారు. స్థానిక న్యాయాధికారి పట్టుకుని బిషప్ దగ్గరికి పంపేవాడు. అక్కడ విచారణ చాలావరకు ఒకే ప్రశ్న చుట్టూ తిరిగేది: పూజలో అప్పం, ద్రాక్షారసం నిజంగా క్రీస్తు శరీర రక్తాలుగా మారుతున్నాయా? కాదన్నవారికి నచ్చజెప్పడానికి పలుమార్లు, కొన్నిసార్లు నెలల తరబడి ప్రయత్నించేవారు. ఒప్పుకుంటే ప్రాయశ్చిత్తంతో విడుదల, ఒప్పుకోకపోతే చర్చి అతణ్ణి వెలివేసి, ఆ ప్రాంతపు రాజ్యాధికారి అయిన షెరీఫ్‌కు అప్పగించేది. చంపింది రాజ్యమే గానీ తాను కాదని చర్చి చెప్పుకోవడానికి ఆ చివరి మెట్టు పనికొచ్చేది. ఈ వివరణ వింటున్నప్పుడు ఫాతిమానగర్ నుంచి వచ్చిన పెద్దలు కూడా తలలు దించుకోలేదు, రాసుకున్నారు.

తర్వాత లెక్కలు వచ్చాయి. 1555 ఫిబ్రవరి నుంచి 1558 నవంబరు దాకా, నాలుగేళ్లు కూడా నిండని కాలంలో, సుమారు 280 మందిని కాల్చారు. వారిలో 50 మందికి పైగా స్త్రీలు. మరో 800 మంది దాకా దేశం వదిలి ఫ్రాంక్‌ఫర్ట్, జ్యూరిచ్, జెనీవా వంటి నగరాలకు వెళ్లిపోయారు. మెటీరియల్‌లో ఇచ్చిన పటం నల్లగా ముద్రపడినా, గోడ మీద ప్రొజెక్టర్‌తో చూపినప్పుడు విషయం స్పష్టంగా తెలిసింది: లండన్, కెంట్, ఎసెక్స్, ససెక్స్ ప్రాంతాల్లో చుక్కలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి, ఉత్తరాన చెస్టర్‌లో ఒకటి, వేల్స్‌లో మూడు. ప్రొటెస్టెంటు బోధ పాతుకున్నది ఓడరేవులు, నేత పని, లండన్‌తో వ్యాపార సంబంధాలు ఉన్న ఆగ్నేయ ప్రాంతంలో. అధికారుల కన్ను ఎక్కువగా పడిందీ అక్కడే. చుక్కల సాంద్రతకు ఈ రెండు కారణాల్లో ఏది ఎంతవరకు కారణమో విడదీయలేమని మేడం చెప్పిన మాట సరైనది.

బిషప్పుల పేర్లు అందరికీ తెలుసు: హూపర్, లాటిమర్, రిడ్లీ, ఆఖరున ఆర్చిబిషప్ క్రాన్మర్. కానీ చనిపోయిన వారిలో అత్యధికులు నేతగాళ్లు, కూలీలు, చిన్న చేతిపనుల వారు, వారి భార్యలు. డెర్బీ పట్టణంలో పుట్టుగుడ్డి అయిన జోన్ వేస్ట్ అనే యువతి, డబ్బు కూడబెట్టి కొత్త నిబంధన గ్రంథం కొనుక్కుని, చదవగలిగిన వారికి చిల్లర ఇచ్చి చదివించుకుని వినేది. 1556లో ఆమెను కాల్చారు. కార్డిఫ్‌లో రాలిన్స్ వైట్ అనే జాలరి చదువు రానివాడు. కొడుకుకు చదువు చెప్పించి రోజూ బైబిలు చదివించుకున్నాడు. 1556 జూన్‌లో లండన్ పక్కనున్న స్ట్రాట్‌ఫర్డ్‌లో ఒకేసారి 13 మందిని కాల్చారు, వారిలో ఇద్దరు స్త్రీలు. ఈ పూట పాఠం పూర్తిగా బల్లల మధ్య నిశ్శబ్దంలో సాగిందని చెప్పలేను. పక్క కేంద్రంలో ఎవరో అంకగణితం మైకులో చెప్తున్నారు, గోడ పలచన. అయినా పిల్లలు వినగలిగారంటే అది చెప్పిన వారి గొప్పే.

ఇవన్నీ మనకు తెలిసింది ప్రధానంగా జాన్ ఫాక్స్ వల్ల. మేరీ కాలంలో దేశం వదిలి వెళ్లిన ప్రొటెస్టెంటు అతను. బాధితుల విచారణ పత్రాలు, జాబులు, చూసినవారి సాక్ష్యాలు సేకరించి 1563లో పెద్ద గ్రంథంగా ఇంగ్లీషులో అచ్చు వేయించాడు. 1571లో ప్రతి కథీడ్రల్‌లో ఆ గ్రంథం ఉండాలని ఇంగ్లండు చర్చి సభ ఆదేశించింది. ఆ తర్వాత తరతరాలకు మేరీ అంటే ఫాక్స్ చూపిన మేరీయే. ఆయనను ఎలా చదవాలో చెప్పిన భాగం ఈ కోర్సులో రెండో మంచి భాగం. పత్రాలను అతను కల్పించలేదు, ఇతర ఆధారాలతో సరిచూసినప్పుడు చాలావరకు నిలుస్తాయి. కానీ ఏది ఉంచాలి, ఏది వదలాలి, ఎవరి చేత ఆఖరి మాట చెప్పించాలి అన్నచోట అతను సంఘం తరఫు మనిషి. తనకు నచ్చని విశ్వాసాలున్న కొందరు బాధితుల విషయంలో వాటిని పలుచన చేసి రాశాడు.

దీన్ని వివరించడానికి మేడం హన్మకొండలోని పద్మాక్షి గుట్ట ప్రస్తావన తెచ్చారు. ఆ గుట్ట మీద జైన శిల్పాలు నేటికీ కనిపిస్తాయి. ఓరుగల్లు జైనులకు పట్టిన గతిని మాత్రం మనం చదివేది తర్వాతి కాలపు శైవ గ్రంథాల్లో, అదీ తమ మతం సాధించిన విజయంగా. అక్కడ హింసించిన వైపు వారి కథనం మిగిలింది, ఇంగ్లండులో హింస పడిన వైపు వారి కథనం మిగిలింది. రెండింటినీ ఒకే జాగ్రత్తతో చదవాలి అన్న మాట విన్నప్పుడు, పరీక్షకు చదివే పిల్లలు ఆధారాల విమర్శ అంటే ఏమిటో పాఠ్యపుస్తకం చెప్పలేని తీరులో గ్రహించి ఉంటారు.

ఇంత జాగ్రత్త బోధించిన కేంద్రమే మెటీరియల్‌లో తప్పటడుగు వేసింది. 1555 అక్టోబరు 16న ఆక్స్‌ఫర్డ్‌లో చితి మీద లాటిమర్ రిడ్లీతో పలికినట్టు చెప్పే ధైర్యవచనం, ఇంగ్లండులో ఎప్పటికీ ఆరని దీపం వెలిగిస్తున్నామన్నది, మన దగ్గర ప్రసంగాల్లోనూ తరచూ వినిపిస్తుంది. ఆ మాట ఫాక్స్ 1563 ముద్రణలో లేదు, 1570 ముద్రణలో చేరింది. ఫాక్స్‌ను విమర్శనాత్మకంగా చదవమని చెప్పే అధ్యాయం పక్కనే, పెట్టెలో కట్టి, ఏ వివరణా లేకుండా ఆ వాక్యాన్ని ముద్రించారు. తరగతిలో ఎత్తిచూపితే సరిచేస్తామన్నారు. స్పైరల్ బైండింగ్ చేసిన మెటీరియల్‌లో ఒక కాగితం మార్చడం పెద్ద పని కాదు, కాబట్టి మారుస్తారనే అనుకుంటున్నాను.

ఇక పునర్మూల్యాంకనం. దీని కోసమే నేను చేరాను. పాత వాదం స్థూలంగా ఇది: మేరీ కాలం తెలియని మనిషి, ప్రజల నాడి పట్టలేదు, ప్రచారం చేతకాలేదు, చితులు జనాన్ని ప్రొటెస్టెంటు వైపు నెట్టాయి, ఆమె పాలన మొత్తం ఒక ఎదుగులేని విరామం. 1960లలో చరిత్రకారుడు ఏ. జి. డికెన్స్ ఈ వాదానికి బలమైన రూపం ఇచ్చాడు. 2009లో మరో చరిత్రకారుడు ఈమన్ డఫీ దీన్ని తలకిందులు చేశాడు. ఆయన ప్రకారం మేరీ, పోల్ నడిపిన చర్చి చురుకైనది. బోధకులను తయారుచేసింది, ప్రసంగాలు అచ్చు వేయించింది, పూజారుల చదువు కోసం ప్రతి బిషప్ పీఠంలో సెమినరీలు ఉండాలని పోల్ సభ తీర్మానించింది. కథోలిక చర్చి జరిపిన ట్రెంట్ మహాసభ 1563లో ఇదే దారి పట్టింది. దహనాలు కూడా ఆ కార్యక్రమంలో భాగంగా, తమ లక్ష్యం దిశగా పనిచేస్తూనే ఉన్నాయనీ, 1558లో సంఖ్య తగ్గడం ప్రతిఘటన సన్నగిల్లిందనడానికి గుర్తనీ, రాణి 42 ఏళ్లకే చనిపోకపోతే ఇంగ్లండు కథోలిక దేశంగా మిగిలేదనీ ఆయన వాదం.

మేడం డఫీ వైపు మొగ్గారు, ఆ సంగతి దాచలేదు కూడా. దానికి తోడుగా మేరీ పాలనలో మతానికి సంబంధం లేని మంచి పనులు, అంటే రష్యాతో వ్యాపారం చేసే మస్కోవీ కంపెనీకి 1555లో ఇచ్చిన పట్టా, నౌకాదళం మరమ్మతు, 1558లో సవరించిన సుంకాల పట్టిక చూపించారు. మేరీ తర్వాత గద్దెనెక్కిన ప్రొటెస్టెంటు చెల్లెలు ఎలిజబెత్ ఖాతాలో పడిన కొన్ని విజయాలకు విత్తనం అక్కడ ఉందన్నారు. అందులో తప్పేమీ లేదు. నాకు పేచీ వచ్చింది ఆ తర్వాత బోర్డు మీద వేసిన పట్టికతో.

ఆ పట్టికలో ఒక వైపు మేరీ కాలపు 280, ఇంకో వైపు ఎలిజబెత్ 45 ఏళ్ల పాలనలో చంపిన 180కి పైగా కథోలికులు, 1569 ఉత్తర తిరుగుబాటు తర్వాత ఉరితీసిన వందలాది మంది, హెన్రీ చంపించిన వారు, నెదర్లాండ్స్‌లో ఐదో చార్లెస్ ఏలుబడిలోనూ ఆ తర్వాతా చంపిన వెయ్యికి పైగా ఉన్నారు. అందరూ చంపారు, మేరీకి మాత్రమే 'బ్లడీ మేరీ' అన్న రక్తపు పేరు మిగిలింది అన్నది సారాంశం. కిరాణా కొట్టు ఖాతాలో బాకీలు కొట్టేసినట్టు, ఒకరి లెక్కతో మరొకరి లెక్కను చెల్లుబెట్టే ఈ పద్ధతి చరిత్రకు సరిపడదు. హెన్రీ 1540 జులై 30న స్మిత్‌ఫీల్డ్‌లో ఒకే రోజు ముగ్గురు ప్రొటెస్టెంట్లను మతద్రోహమని కాల్పించి, ముగ్గురు కథోలికులను రాజద్రోహమని ఉరివేసి ముక్కలు చేయించిన మాట నిజం. ఎడ్వర్డ్ కాలంలో జోన్ బోచర్ అనే స్త్రీని, ఎలిజబెత్ కాలంలో 1575లో ఇద్దరు డచ్ అనాబాప్టిస్టులను (పెద్దయ్యాకే బాప్తిస్మం ఇవ్వాలనేవారిని) మతద్రోహమని కాల్చిన మాటా నిజం. 1586లో యార్క్‌లో మార్గరెట్ క్లిథరో అనే కథోలిక ఇల్లాలిని, నేరం ఒప్పుకోనూ కాదననూ నోరు విప్పనందుకు, బరువుల కింద నలిపి చంపారు. ఇవన్నీ తెలియాల్సినవే. కానీ ఎలిజబెత్ మరణశిక్షల్లో అధికభాగం 1570లో పోప్ ఆమెను గద్దె దించినట్టు ప్రకటించాక, పూజారి రావడమే రాజద్రోహమన్న చట్టం కింద పడ్డాయి. అది అన్యాయమైన చట్టమే, అయినా మేరీ కాలపు చట్టం అడిగిన ప్రశ్న వేరు. రాణికి విధేయుడివా అని అది అడగలేదు, అప్పం గురించి నీ మనసులో ఏముందని అడిగింది. పట్టిక ఈ తేడాను మింగేసింది.

పునర్మూల్యాంకనం తెచ్చిన ఆధారాలు మేరీ భారాన్ని తగ్గించవు, పెంచుతాయి. నేను ఈ తరగతితో విభేదించేది ఇక్కడే. పాత వాదం అవమానకరంగానే అయినా ఆమెకు ఒక సాకు ఇచ్చింది: దుఃఖంలో, అనారోగ్యంలో, కలగని బిడ్డ కోసం ఎదురుచూపులో, చుట్టూ ఉన్నవారి మాట విని తప్పు చేసిన స్త్రీ. కొత్త వాదం ఆ సాకును తీసేసింది. ఆమె తెలివైన పాలకురాలు, యంత్రాంగం సమర్థంగా పనిచేసింది, హింస ఆలోచించి నడిపిన విధానం అని తేలితే, ఆ విధానానికి బాధ్యత కూడా పూర్తిగా ఆమెది, ఆమె సలహా మండలిది అవుతుంది. సమర్థతను ఒప్పుకుని బాధ్యత దగ్గర స్వరం తగ్గించడం కుదరదు.

ఆధారాలు కూడా ఇటే చూపిస్తాయి. దహనాలు మొదలయ్యే వేళకే మేరీ తన అభిప్రాయాన్ని రాసి ఇచ్చింది: శిక్ష తొందరపాటుతో ఉండకూడదు, లండన్‌లో మండలి సభ్యులెవరైనా లేకుండా ఎవరినీ కాల్చకూడదు, ప్రతిచోటా మంచి ప్రసంగాలు జరగాలి. మతి తప్పిన మనిషి అలా రాయదు. హెచ్చరించిన వారు లేరనీ అనలేం. 1555 ఫిబ్రవరిలోనే ఫిలిప్ తండ్రి అయిన చక్రవర్తి ఐదో చార్లెస్ రాయబారి రెనార్డ్ తిరుగుబాటు వస్తుందని భయపడ్డాడు, ఫిలిప్ వెంట వచ్చిన స్పానిష్ సన్యాసి అల్ఫోన్సో ద కాస్ట్రో ఆస్థానంలోనే దహనాలకు వ్యతిరేకంగా ప్రసంగించాడు. కొద్ది విరామం తర్వాత చితులు మళ్లీ మొదలయ్యాయి. ఫాక్స్ రాక్షసుడిగా చిత్రించిన లండన్ బిషప్ బోనర్‌కే ఆ మే నెలలో రాజదంపతుల పేరిట చురుకు తగ్గిందని మందలింపు లేఖ వెళ్లింది. 1557 ఫిబ్రవరిలో మతద్రోహులను వెదకడానికి ప్రత్యేక కమిషన్ వేశారు.

అన్నిటికంటే గట్టి ఆధారం 1558 వేసవిది. హాంప్‌షైర్‌లో థామస్ బెంబ్రిడ్జ్ అనే వ్యక్తి మంటలు అంటుకోగానే తన మాట వెనక్కి తీసుకున్నాడు. షెరీఫ్ మంట ఆపించాడు. మండలి ఆ షెరీఫ్‌ను మందలించి జైలుకు పంపి, బెంబ్రిడ్జ్‌ను మళ్లీ చితి ఎక్కించింది. ఆత్మను రక్షించడానికే ఈ శిక్ష అని వాదించిన పాలనకు, పశ్చాత్తాపపడిన మనిషిని వదిలే అవకాశం చేతికొచ్చినప్పుడు అది చేసిన పని ఇది. ఈ ఘటన మెటీరియల్‌లో లేదు. నేను అడిగితే మేడం వివరంగానే చెప్పారు, కానీ అడగకపోతే రాదు.

క్రాన్మర్ విషయం మాత్రం వారు పూర్తి నిజాయితీతో చెప్పారు. 1533లో మేరీ తల్లి వివాహం చెల్లదని తీర్పు చెప్పినవాడు క్రాన్మర్. జైలులో అతను పదే పదే తన విశ్వాసాన్ని ఉపసంహరించుకుంటూ సంతకాలు చేశాడు. చర్చి చట్టం ప్రకారం మారిన మనిషిని సాధారణంగా కాల్చరు. అయినా కాల్చాలని నిర్ణయించారు. 1556 మార్చి 21న, తమ విజయాన్ని ప్రకటిస్తాడని నిలబెట్టిన వేదిక మీదే, అతను సంతకాలన్నిటినీ త్రోసిపుచ్చి, తర్వాత చితి దగ్గర వాటిని పెట్టిన చేతిని ముందు మంటలో ఉంచాడు. ప్రచారపరంగా అంతకంటే పెద్ద ఓటమి ఉండదని మేడం ఒప్పుకున్నారు. అప్పుడే వెనక వరుసలో ఒక అమ్మాయి లేచి, "గట్లయితే మేడం, ఆమె సమర్థురాలని ఎట్లంటున్నరు?" అని అడిగింది. ఆ పూట అంతా వినదగ్గ చర్చ జరిగింది. ఒక్క చోట కక్ష విధానాన్ని దాటిపోయినంత మాత్రాన మిగతా విధానం లేదని కాదని మేడం జవాబు. నాకు ఆ జవాబు సబబుగానే తోచింది, ఆ కక్షకు పేరు పెట్టి ఉంటే ఇంకా బాగుండేది.

చిన్న లోపాలు కొన్ని. ఎలిజబెత్ భాగాన్ని ఆఖరి పూటలో ఇరికించారు. పై పట్టిక అంత మొరటుగా రావడానికి అదే కారణం కావచ్చు. వీడియో రికార్డింగులు ఇస్తామని చేరేటప్పుడు చెప్పారు, ఇవ్వలేదు. రాలేకపోయిన పూటకు మరో బ్యాచ్‌లో కూర్చోనిస్తారు, అది కొంత మేలు. ఆంటోనిస్ మోర్ 1554లో వేసిన మేరీ చిత్రాన్ని జిరాక్స్‌లో ముద్రించడం వల్ల, ముఖం పోయి చేతిలోని గులాబీ మాత్రం మిగిలింది. పేర్ల తెలుగు రూపాలు పేజీకో తీరుగా ఉన్నాయి. పరీక్షల పిల్లల కోసం చివర ఇచ్చిన బిట్ల కాగితంలో తేదీలు సరిగ్గానే ఉన్నాయి.

వివరణాత్మక జవాబులు రాయాల్సిన పరీక్షలకు చదివేవారు తప్పక చేరవచ్చు. బిట్ల కోసమైతే ఇంత అవసరం లేదు. సంఘాల్లో బోధించే పాస్టర్లు, ఫాదర్లు, ఉపదేశులు చేరితే ఇంకా మంచిది. చట్టం గురించిన పూట, ఫాక్స్ గురించిన పూట వారికి చాలా పనికొస్తాయి. తర్వాతి బ్యాచ్‌లో ఎలిజబెత్‌కు విడిగా ఒక పూట ఇస్తామని నిర్వాహకులు చెప్పారు. అది జరిగి, ఆ పట్టిక స్థానంలో ఏ రాజు ఏ చట్టం కింద ఏ ప్రశ్న అడిగి చంపాడో చెప్పే కాగితం వచ్చి, అందులో బెంబ్రిడ్జ్‌కు నాలుగు వాక్యాలు దొరికితే, రుసుము 2,000 చేసినా ఎవరూ గొణగరు.